ప్రింటరుకు పసుపు

మా ఇంట్లో ప్రింటరు కొన్నది ఒకే ఒక్క పేజీ కోసం. ఆ పేజీని ఎవరూ చించకూడదని నా కోరిక.

మావైపు చావు కబురు తెచ్చిన కాగితాన్ని ఇంట్లోకి తీసుకుపోరు. గుమ్మం బయటే నిలబడి చదివి, అక్కడే రెండు ముక్కలు చేసి పడేసి, కాళ్ళు కడుక్కుని లోపలికి పోతారు. ఇందులో ఎవరికీ ఎవరిమీదా కోపం లేదు. అది పద్ధతి. నేనూ అలా చాలా చించాను. పోయిన ఏడాది నా భార్య కర్మాంతరానికి నల్ల అంచు పత్రికలు వేయించి, మా బంధువులుండే గుడియాత్తంలో ఇంటింటికీ నేనే ఇచ్చాను. ఒక ఇంట్లో పత్రిక ఇచ్చి వీధి చివరిదాకా పోయాక గొడుగు మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి వచ్చాను. పత్రిక కాలవ పక్కన పడి ఉంది. ఆమె పేరు సరిగ్గా మధ్యలో చినిగింది. మొదటి సగం గట్టు మీద, రెండో సగం నీళ్ళలో. నేను గొడుగు తీసుకుని వచ్చేశాను.

ఏడాది తిరిగి సంవత్సరీకం దగ్గరపడింది. మావాళ్ళు దాన్ని తలదివసం అంటారు. ఆ రోజు వచ్చినవాళ్ళ చేతికి ఆమె గురించి ఒక పేజీ ఇవ్వాలనుకున్నాను. పద్యాలు వద్దు, కన్నీటి చుక్కల బొమ్మలు వద్దు. ఆమె ఎలాంటి మనిషో చెప్పే నిజమైన మాటలు కొన్ని. చదివి ఇంటికి తీసుకుపోయి ఎక్కడో ఒకచోట దాచుకుంటే చాలు.

వేలూరులో మాది అద్దె ఇల్లు, మేడమీద భాగం. తద్దినాలకు ఓనరు ఒప్పుకోడు. బంధువులంతా ఉండేది గుడియాత్తం చుట్టుపక్కలే. అందుకని తలదివసం గుడియాత్తంలో నా భార్య అక్క ఇంటి మిద్దెమీద అనుకున్నాం. ఆమె నాకు వదినె. ఆమె భర్త, అంటే నా తోడల్లుడు, ఇళ్ళు కట్టే మేస్త్రి. ఫోను చేసి పేజీ సంగతి చెబితే ఆయన సంతోషించాడు.

"పేజీ ఏందప్పా చిన్నగా. వీధి మొగదాల ఫ్లెక్సు కట్టిస్తా ఉండాను. నువ్వు కవలా దిగులూ పడొద్దు, అంతా నేను చూసుకుంటా."

"ఫ్లెక్సు వద్దన్నా."

"ఆర్డరు ఇచ్చేసినా."

మాది తమిళనాడు, అచ్చాఫీసులో తెలుగు లేదు. మేము ఇంట్లో తెలుగు మాట్లాడతాం గానీ మావాళ్ళలో చాలామందికి తెలుగు లిపి రాదు, తమిళమే చదువుతారు. నాకు మా నాయన నేర్పించాడు కాబట్టి వచ్చింది. నా భార్య తిట్టినా నవ్వినా తెలుగులోనే, కాబట్టి పేజీ తెలుగులో ఉండాలి. చదవడానికి వీలుగా వెనకవైపు తమిళంలో ఉండాలి. ఫోనులో టైపు చేసి, పెన్ డ్రైవులో ఎక్కించి, మా వీధిలోని నెట్ సెంటరుకు తీసుకుపోయాను. అక్కడి కంప్యూటరులో తెలుగు అక్షరాలు లేవు. ప్రతి అక్షరం బదులు ఒక చిన్న గడి వచ్చింది. పేజీ నిండా గళ్ళు, ఇటుకలు పేర్చినట్టు. సెంటరాయన కాసేపు దానికేసి చూసి, "డిజైను బాగుంది సార్. ఎన్ని కాపీలు?" అన్నాడు.

ఆ సాయంత్రమే ప్రింటరు ఆర్డరు పెట్టాను. నలుపు తెలుపు లేజరు ప్రింటరు. వైర్‌లెస్. ఫోనులో నొక్కితే చాలని రాసి ఉంది.

తలదివసానికి వారం ముందు వదినె వేలూరు వచ్చింది. కంటి డాక్టరుకు చూపించుకోవాలి, పూజ సామాను కొనాలి, నేను ఏం తింటున్నానో చూడాలి. మూడోది చూసి రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. తర్వాత పేజీ చదివి వినిపించమంది. వినిపించాను.

ఆమెకు వంట మీద శ్రద్ధ లేదు, అనేది రెండో వాక్యం. వదినె చెయ్యెత్తి ఆపింది.

"ఏందప్పా ఇది? పోయినోళ్ళ గురించి ఇట్ల రాస్తారా?"

"నిజమే కదా వదినె."

"నిజమైతే? ఊరంతా చదవాల్నా?"

"ఊరంతా తిన్నారు కదా."

వదినె నవ్వాపుకోవాలని చూసింది గానీ ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "రసం ఒకటి బాగా పెడతాది. అది రాయి," అంది. రాశాను. బస్సులో కిటికీ పక్క సీటు ఆమె ఎవరికీ ఇచ్చేది కాదని రాశాను. తప్పు మాట్లాడినవాళ్ళను అక్కడికక్కడే సరిదిద్దేదని, డాక్టర్లను కూడా వదల్లేదని రాశాను. ఎవరింటికి పోయినా వచ్చేటప్పుడు గేటు దగ్గర నిలబడి ఇంకో గంట మాట్లాడేదని, ఆమె వల్ల మాకు చాలా బస్సులు తప్పిపోయాయని రాశాను.

"బాగుండాది," అంది వదినె. "చించేటప్పుడు కొంచెం కష్టంగా ఉంటాది."

"చించకుండా ఉండరా?"

"ఎట్ల ఉంటారప్పా? అది తలదివసం కాగితం. ఇంట్లో పెట్టుకుంటారా ఎవురన్నా? నేనే పెట్టుకోను."

ఆమె కఠినంగా అనలేదు. వాన పడితే తడుస్తాం అన్నంత మామూలుగా అంది.

ప్రింటరు వచ్చింది. పెట్టె తెరిస్తే లోపల ఎక్కడ చూసినా నారింజ రంగు టేపులు. ఒకటి పీకితే దాని కింద ఇంకోటి. వదినె ఎదురుగా స్టూలు మీద కూర్చుని చూస్తోంది. చివరికి కరెంటు తీగ బయటికి తీశాను.

"వైరు లేదంటివే. ఇదేంది?"

"ఇది కరెంటుకు."

"అయితే వైరు ఉండాది."

"కరెంటుకు ఉంటుంది వదినె. ఫోనుకూ దీనికీ మధ్య ఉండదు."

"ఫోనుకు కూడా చార్జరు వైరు ఉండాది కదా," అని నిదానంగా చెప్పింది.

మా ఓనరు కింది అంతస్తులో గదులు అద్దెకిస్తాడు. ఆసుపత్రికని దూరప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళు వారాలు, నెలలు అక్కడుంటారు. వాళ్ళకూ మాకూ కలిపి ఒకటే వైఫై. అది మెట్లెక్కి మా ఇంట్లోకి వచ్చేసరికి అలసిపోతుంది. హాల్లో పెడితే ప్రింటరు దాన్ని గుర్తుపట్టలేదు. పడగ్గదిలోనూ అంతే. వంటింట్లో కిటికీ పక్కన, గ్రైండరు ఉండే గట్టు మీద పెడితే మాత్రం నీలం లైటు గబగబా కొట్టుకోవడం మొదలుపెట్టింది. గ్రైండరును కింద పెట్టాను. ఏడాదిగా దాన్ని ఎవరూ వాడలేదు.

లైటు ఎంతసేపటికీ నిలబడలేదు. పుస్తకంలో ఉన్న భాషల్లో తెలుగూ తమిళమూ లేవు. ఇంగ్లీషులో ఉన్నట్టే అంతా చేశాను, రెండోసారీ చేశాను. చివరికి కంపెనీకి ఫోను చేస్తే ఒక అమ్మాయి తెలుగులో పలికింది. స్పీకరు పెట్టాను.

"చెప్పండి సార్. ప్రింటర్ మీద నీలం లైట్ కనిపిస్తోందా అండీ?"

"కనిపిస్తోంది. కొట్టుకుంటోంది."

"నిలబడలే అని చెప్పప్పా," అంది వదినె.

"పక్కన ఎవరండీ సార్?"

"నేను ఆయన వదినెను. నీది యా ఊరుమ్మా?"

"కరీంనగర్ అమ్మా. సార్, వైఫై బటన్‌ని కొంచెంసేపు నొక్కి పట్టుకోండి."

"అది యాడుండాది? చిత్తూరు దాటినాకనా?"

"చాలా దాటాలమ్మా. సార్, నొక్కారా?"

"నొక్కాను."

"పెండ్లయిందా?"

"లేదమ్మా. సార్, ఇప్పుడు ఫోన్‌లో పాస్‌వర్డ్ అడుగుతుంది, కొట్టండి."

"ఏం చదివినావు?"

"బీటెక్ అమ్మా."

"బీటెక్ చదివి ఫోన్ ఎత్తతా ఉండావా? మా ఆయన అక్క మనవడు ఒకడుండాడు, సివిలు చదివినాడు, బెంగుళూరులో—"

లైటు నిలబడింది. ఆ అమ్మాయి ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగింది. వద్దని నేను చెప్పేలోపల వదినె, "ఆ మిషను లోపల వేడిగా ఉంటాదామ్మా?" అని అడిగింది. చాలా వేడిగా ఉంటుందమ్మా, ఆ వేడికే అక్షరాలు కాగితానికి అంటుకుంటాయి, లోపల చెయ్యి పెట్టకండి, అని ఆ అమ్మాయి చెప్పింది. వదినె తలాడించింది. ఎందుకు అడిగిందో నేను ఆలోచించలేదు.

మర్నాడు, అంటే తలదివసానికి ముందురోజు, దర్భలూ నువ్వులూ తేవడానికి బజారుకు పోయాను. కాగితాలు ముందే ప్రింటరు అరలో సర్ది ఉంచాను. తిరిగి వచ్చి, హాల్లో కుర్చీలో కూర్చుని, ఫోనులో నొక్కాను. వైరు లేకుండా పని జరగడం చూడాలని నాకూ కొంచెం ఉబలాటంగా ఉంది.

వంటింట్లో మిషను లేచింది. గర్రుమంది. ఒక కాగితాన్ని లోపలికి లాక్కున్న చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఇంకేదో నలిగిన చప్పుడు. ఆగిపోయింది. తర్వాత వాసన వచ్చింది. తాళింపులో పసుపు మాడితే వచ్చే వాసన. ఏడాదిగా మా వంటింట్లో నుంచి అలాంటి వాసన రాలేదు. ఒక్క క్షణం నేను కుర్చీలోనే ఉండిపోయాను.

తర్వాత లేచి పోయి చూశాను. ప్రింటరు నోట్లో సగం కాగితం వేలాడుతోంది. పై మూలలు రెండూ పచ్చగా ఉన్నాయి. అర లాగి చూస్తే అన్ని కాగితాలకూ అన్ని మూలలా పసుపు. ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

"వదినె, కాగితాలకు ఏమన్నా చేసినావా?"

"నేనేం చేస్తా? పసుపు పెట్టినా."

"ఎన్నింటికి?"

"అన్నిటికీ."

"అన్నిటికీ ఎందుకు?"

"మొదటిదానికి పెడదామనే కలిపినా. నీళ్ళు పడి పసుపు ఎక్కువైపోయింది. కలిపిన పసుపు పారేస్తారా ఎవురన్నా?"

వాళ్ళింట్లో ఏ పెళ్ళి జరిగినా పత్రికలకు పసుపు పెట్టేది ఈమే. ఎడమచేత్తో పత్రికల కట్టను విసనకర్రలా విప్పి, కుడిచేతి వేలితో మూలల వెంబడి ఒక్క గీత గీస్తుంది. కట్టంతటికీ అందుతుంది. ఇంత కట్ట ఆమెకు ఒక లెక్క కాదు.

"కొత్త మిషను నాయనా," అంది. "దాని మొదటి కాగితమే తలదివసం కాగితమా? రేపు దానితో మంచి పని ఏం జరుగుతాది? ముందు పసుపు చూడనీ అనుకున్నా."

"తడి ఆరాలి కదా."

"లోపల వేడిగా ఉంటాదని ఆ అమ్మాయి చెప్పె కదా. అదే ఆరబెట్టుకుంటాదిలే అనుకున్నా."

కరెంటు తీసి, మూత తెరిచి, ఇరుక్కున్న కాగితాలు ఒక్కొక్కటీ లాగాను. కొన్ని చినగకుండా వచ్చాయి. లోపలి రోలర్లకు పసుపు అంటుకుని ఎండిపోయింది. పొడిగుడ్డతో తుడిచాను. రోలరు తిరిగేకొద్దీ ఇంకా పచ్చదనం కనిపిస్తూనే ఉంది. వదినె టార్చి పట్టుకుని నిలబడి, "అదిగో అక్కడ, అదిగో అక్కడ," అని చూపించింది. పని పూర్తయినట్టు అనిపించాక కొత్త కాగితాలు పెట్టి, కరెంటు ఇచ్చి, కాఫీ తాగుదామని ఇద్దరం హాల్లో కూర్చున్నాం.

ఎవరూ ఏమీ నొక్కలేదు. నా ఫోను టీపాయి మీద ఉంది. వంటింట్లో ప్రింటరు తనంతట తాను లేచి గర్రుమంది.

వదినె చేతిలో లోటా అలాగే ఆగిపోయింది.

"ఎవురప్పా అది?"

"తెలియదు."

వదినె లేచి వంటింటి గుమ్మం దాకా పోయింది. లోపలికి పోలేదు. గ్రైండరు ఉండాల్సిన చోటు నుంచి కాగితం ఒకటి మెల్లగా బయటికి వస్తోంది. దానికేసి చూస్తూ, తగ్గు గొంతుతో, "ఏమ్మే, కోపమా?" అంది. "పసుపు పెట్టింది నేనేమే. ఆయన్ని ఏమీ అనొద్దు."

నేను పోయి కాగితం తీశాను. హౌరా పోయే రైలు టికెట్టు. భార్యాభర్తలిద్దరి పేర్లు, వయసులు, కింది బెర్తు ఒకటి, పై బెర్తు ఒకటి. నాలుగు మూలలా లేతగా పసుపు.

సంగతి ఏమిటని నేను ఆలోచించే లోపలే మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. కింద గదిలో ఉండే బెంగాలీ ఆవిడ. భర్త వైద్యం కోసం వచ్చి చాలా రోజులుగా ఉంటోంది. ఫోనులో టికెట్టు చూస్తుంటే ప్రింటరు అని ఒక పేరు కనిపించిందట, ఓనరు కొత్తగా పెట్టాడేమోనని నొక్కిందట. వచ్చీరాని తమిళంలో క్షమాపణ చెప్పింది. ఒకటే వైఫై కాబట్టి ఇంట్లో ఎవరు నొక్కినా మా వంటింట్లోనే అచ్చవుతుందని అప్పుడు అర్థమైంది. టికెట్టు ఇచ్చాను. ఆవిడ మూలల్లోని పసుపు చూసింది. వేలితో తాకి చూసింది. తర్వాత టికెట్టును కళ్ళకద్దుకుని కిందికి పోయింది.

"చూసినావా," అంది వదినె. గొంతు మామూలైపోయింది. "ఆయమ్మకు తెలుసు."

కొత్త కాగితాలకు పసుపు ఎవరూ పెట్టలేదు. అది రోలర్ల నుంచి వస్తోంది. నా పేజీ కొట్టి చూస్తే అదీ అలాగే వచ్చింది. అక్షరాలు బాగా వచ్చాయి. ఒక్క గడి కూడా లేదు, అంతా చక్కటి తెలుగు. వెనకవైపు తమిళం మొదటిసారి తలకిందులుగా వచ్చింది. కాగితం తిప్పి పెడితే సరిపోయింది. మూలలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ఎన్ని కొట్టినా పై మూలలు ముదురుగా, కింది మూలలు లేతగా.

ఇప్పుడు భయపడ్డది వదినె.

"చావు కాగితానికి పసుపు పెడతారాప్పా? జనం ఏమనుకుంటారు? ఈళ్ళకు మంచీ చెడ్డా తెలీదు అంటారు."

"పెట్టింది నువ్వే కదా."

"మిషనుకు పెట్టినా. కాగితానికి పెట్టినానా?"

ఒక పేజీ తీసుకుని నెట్ సెంటరుకు పోయి జిరాక్సు తీయించాను. జిరాక్సులో పసుపు నల్లగా వచ్చింది. మూలల్లో మసి చేత్తో పట్టుకున్నట్టు ఉంది. తెచ్చి చూపిస్తే వదినె రెండు చేతులతో చెంపలు వేసుకుంది. "అయ్యో కడవులే, దేవుడా, పసుపు నల్లబడి ఉండాది. దీన్ని ఎవురికీ చూపించొద్దు, చించెయ్, చించెయ్," అని తానే చించేసింది. ఇక చేసేదేమీ లేక ప్రింటరులోనే కావలసినన్ని కొట్టుకున్నాను. వదినె ఆ సాయంత్రమంతా ఏదో ఆలోచిస్తూనే ఉంది. ఒకటి రెండుసార్లు పేజీని దీపం దగ్గర పట్టుకుని, పసుపు అంతగా కనిపించడం లేదని నాకు నచ్చజెప్పింది. కనిపిస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున బస్సులో గుడియాత్తం పోయాం. పేజీల సంచి ఒళ్ళో పెట్టుకున్నాను. వీధి మొగలో ఫ్లెక్సు కట్టి ఉంది. నా భార్య ముఖం తలుపంత ఉంది. తల చుట్టూ వెలుగు, రెండు పావురాలు, ఒక కన్నీటి చుక్క, వెనక జలపాతం. ఆమె జలపాతం ఎప్పుడూ చూడలేదు. తోడల్లుడు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఎట్లుండాదప్పా?"

"పెద్దగా ఉందన్నా."

"పెద్దగానే వెయ్యమన్నా," అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

మిద్దెమీద కార్యక్రమం ముగిసింది. భోజనాలయ్యాక పేజీలు పంచాను. అందరూ వెనక్కి తిప్పి తమిళం చదువుకున్నారు. తర్వాత ఒకచోట ఎవరో గట్టిగా నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. వంట గురించిన వాక్యం అయి ఉంటుంది. ఆ పక్కన ఇంకొకరు నవ్వారు. ఒకావిడ తన చెల్లెలితో, "ఒకసారి వీళ్ళింట్లో ఉప్మా తిన్నా కదా, గుర్తుండాదా?" అంటోంది. ఏడాదిగా నా ముందు ఎవరూ ఆమె గురించి అలా మాట్లాడలేదు. అందరూ దేవత అన్నారు.

జనం ఒక్కొక్కరుగా మెట్లు దిగారు. నేను మిద్దె పిట్టగోడ దగ్గర నిలబడి కిందికి చూస్తున్నాను. గేటు కనిపిస్తోంది. గేటు పక్కన కాలవ.

మొదట దిగిన వాళ్ళు గేటు దాటాక ఆగారు. చేతుల్లో పేజీలు ఉన్నాయి. చించడానికి పట్టుకున్నట్టే పట్టుకున్నారు. చించలేదు. ఒకరు మూల చూశారు, పక్కవాళ్ళకు చూపించారు. వాళ్ళూ తమ పేజీ మూలలు చూసుకున్నారు. వెనక వచ్చేవాళ్ళకు దారి లేదు. గేటు దగ్గర చిన్న గుంపు తయారైంది. తలదివసం కాగితాన్ని ఇంటికి తీసుకుపోకూడదు. పసుపు పెట్టిన కాగితాన్ని చించకూడదు. రెండూ అందరికీ తెలుసు. రెండూ ఒకే కాగితం మీద ఎవరూ చూడలేదు.

చివరికి వయసులో అందరికంటే పెద్దాయన, వదినెకు మామ వరస, పైకి చూసి కేక వేశాడు. "అమ్మా, ఇది చించాల్నా, సామి కాడ పెట్టాల్నా? ఏదో ఒకటి చెప్పు, ఎండ కొడతా ఉండాది."

వదినె నా పక్కనే ఉంది. నిన్నటి నుంచి ఆమె భయపడింది ఈ ప్రశ్నకే. నేను ఆమె ముఖం చూశాను. ఒక క్షణం ఆమెకూ తెలియదు. తర్వాత కొంగు సవరించుకుని పిట్టగోడ దగ్గరికి వచ్చింది.

"నా చెల్లెలు ముత్తైదువగా పోయింది మామా," అంది, వీధి చివరికి వినపడేలాగా. "పసుపు కుంకాలతో పోయింది. దాని కాగితానికి పసుపు పెట్టక ఇంకెవురికి పెడతారు? చించితే దాని పసుపు చించినట్టు. ఇంటికి తీసుకోని పోండి."

పెద్దాయన తన పేజీని మళ్ళీ ఒకసారి చూసి, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "అది సరి," అన్నాడు. గుంపు కదిలింది. ఆడవాళ్ళు చేతిసంచుల్లో పెట్టుకున్నారు. కాలవలో ఒక్క ముక్క కూడా పడలేదు.

"ఈ మాట నిన్న ఎందుకు చెప్పలేదు వదినె?"

"నిన్న నాకు తెలీదు కదప్పా," అంది.

ఫ్లెక్సు సంగతి కూడా చెప్పాలి. ఆ తర్వాత వచ్చిన వానల్లో నేను గుడియాత్తం పోయినప్పుడు, తోడల్లుడు కట్టిస్తున్న ఇంటి దగ్గర సిమెంటు మూటల మీద అది కప్పి ఉంది. ముఖం లోపలివైపుకు తిప్పి కప్పాడు, జలపాతం అంచు మాత్రం బయటికి కనిపిస్తోంది. నన్ను చూసి కంగారుపడ్డాడు. పరవాలేదన్నా అన్నాను. ఒక్క మూటా తడవలేదట. నా భార్య వింటే సంతోషించే సంగతి అది ఒక్కటే అనిపించింది.

ప్రింటరు ఇంకా గ్రైండరు చోటులోనే ఉంది. పసుపు చాలావరకు వదిలింది. కింది గదుల్లోకి కొత్తగా ఎవరు వచ్చినా, వెళ్ళేటప్పుడు టికెట్టు మా వంటింట్లో అచ్చవుతుంది. నేను కిందికి తీసుకుపోయి ఇస్తాను. ఆ వంకన రోజుకు ఒకరితోనైనా మాట్లాడుతున్నాను.

కొన్ని నెలల తర్వాత పొన్నైలో ఒక బంధువుల ఇంటికి పోయాను. భోజనం చేసి చెయ్యి కడుక్కుంటుంటే గోడకున్న ఇనుప కమ్మీ కనిపించింది. దానికి పెళ్ళి పత్రికలు గుచ్చి ఉన్నాయి, ఏనాటివో. వాటి మధ్యలో నా పేజీ. పైన ఒక గృహప్రవేశం, కింద ఒక పెళ్ళి. మూల ఇంకా పచ్చగానే ఉంది. నేను చూడటం ఆ ఇంటావిడ చూసింది.

చెప్పులు వేసుకుని గేటు దాకా వచ్చాను. ఆవిడ నా వెనకే వచ్చింది.

"ఆ గేటు సంగతి బాగా రాసినావన్నా," అంది. "ఇదో, ఈ గేటు కమ్మీ పట్టుకోని నిలబడేది. నువ్వు అక్కడ రోడ్డు మీద నిలబడి బస్సు, బస్సు అని అరస్తా ఉంటావు. ఒకసారి ఏమైందో తెలుసా..."

నాకు తెలియదు. నేను రోడ్డు మీద ఉండేవాణ్ణి కాబట్టి ఇక్కడ వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో ఒక్కసారీ వినలేదు. గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ చెప్పింది. ఒకటి అయ్యాక ఇంకోటి చెప్పింది. మధ్యలో వేలూరు బస్సు హారను కొట్టి పోయింది. ఆవిడ చూసింది, నేనూ చూశాను.

"ఇంకోటి ఉంటుందిలే," అన్నాను. "తర్వాత ఏమైంది?"